పాలకాయతిప్పకు అష్టమి నాడు బయల్దేరండి

హంసలదీవి దగ్గరి పాలకాయతిప్ప సముద్రతీరం చూడాలనుంటే పంచాంగం తీసి, అష్టమో నవమో చూసుకుని మరీ ప్రయాణం పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఆ రెండు తిథుల్లో గడప దాటని కుటుంబాలు మన జిల్లాలో ఎన్నో. అయినా నా సలహా ఇదే. పున్నమికీ అమావాస్యకీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరుసలో నిలబడి సముద్రాన్ని లాగుతారు కాబట్టి పోటు పెరుగుతుంది. అష్టమి నాటికి ఇద్దరి లాగుడూ చెరో దిక్కు అవుతుంది, ఒకటి రెండు రోజుల్లో నీటి ఊపు తగ్గుతుంది. జనం మాత్రం మాఘ పున్నమికే వేలాదిగా వస్తారు. నీళ్లు గట్టిగా కదిలే రోజునే పిల్లల్ని చంకనేసుకుని స్నానానికి దిగుతారు.

రెండో సలహా ఇంకా కష్టంగా తోస్తుంది. సాగరసంగమం దాకా వెళ్లి మునగకండి. కాకి ఇక్కడ మునిగి హంస అయిందని హంసలదీవి స్థలపురాణం. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని వచ్చిన వాళ్లకి మునక వెయ్యకపోతే వెలితిగానే ఉంటుంది, కాదనను. కానీ అక్కడ కృష్ణ సముద్రంలో కలిసే మొగ ఉంది. పాటు, అంటే నీరు వెనక్కి తీయడం, మొదలయ్యాక ఏరూ సముద్రమూ కలిసి నీటిని లోపలికి లాక్కుపోతాయి. పైకి చూస్తే అల చిన్నగానే కనిపిస్తుంది, కాళ్ల కింద ఇసుక జారిపోతుంది. ఒడ్డున నిలబడి, సంకల్పం చెప్పుకుని, దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకోండి. పుణ్యానికి లోటేమీ రాదు.

సముద్రం దగ్గరికి వెళ్లి సముద్రాన్నే చూస్తూ కూర్చోవద్దని కూడా చెబుతాను. పాటు వేళకి వెళ్లి నేల చూడండి. నీరు తీసిన తడి ఇసుక మీద చిన్న బెజ్జాలుంటాయి, ఒక్కోదాని చుట్టూ ఆవగింజంత ఇసుక ఉండలు. పీత ఇసుకని నోట్లో పెట్టుకుని, అందులో తినగలిగింది తినేసి, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతుంది. కదలకుండా కాసేపు కూర్చుంటే బయటికొస్తుంది. మడ అడవి పక్కన బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచి ఉండేవి తెల్లమడ వేళ్లు. ఆ ఉప్పు బురదలో గాలి ఆడదు గనక చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి మీద నడవకండి. కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లి కూడా ఉంది, అయితే పగటిపూట కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

బురద బాగా బయటపడేది పున్నమి, అమావాస్యల పాటుకే. కానీ వెనక్కి వచ్చే నీరూ ఆ రోజుల్లో అంతే జోరుగా వస్తుంది. దారి తెలియని వాళ్లకి అష్టమే మేలు. ఏ రోజు వెళ్లినా వేళ కూడా చూసుకోవాలి. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో బ్రూమ్ అనే ఊరుంది. అక్కడ ఆటుపోట్ల తేడా 9 మీటర్లు దాటుతుంది. రాతి మీద పడిన డైనోసార్ అడుగులు నీరు బాగా తీసినప్పుడే కనబడతాయి కాబట్టి, వచ్చేవాళ్లు ముందు పోటు వేళల పట్టిక చూస్తారు. మనవైపు అంత తేడా లేదు గానీ అలవాటు మాత్రం అదే కావాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఆ వేళలు ఇస్తుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకున్నా చాలు.

దారిలో ఎక్కడా ఆగకండి. బెజవాడ నుంచి పామర్రు మీదుగా వస్తే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి వరసగా తగులుతాయి, కాస్త పక్కకి తిరిగితే ఘంటసాల బౌద్ధ స్తూపం. ఒక్క రోజులో అన్నీ చుట్టేద్దామనుకుంటే మీరు కోడూరు దాటేసరికి పాటు అయిపోతుంది. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడి ముందు నుంచి దర్శనం లేకుండా పోవడం మనసుకి పట్టదు, తెలుసు. ఆయన కోసం వేరే రోజు రండి.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. చూడాలని అందరికీ ఉంటుంది. చీకటి పడకముందే వెనక్కి వచ్చెయ్యండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపే పాకుతుంది. మీ టార్చి, మీ ఫోను దాన్ని సముద్రానికి ఎదురు తిప్పుతాయి.

ఉప్పెన గురించి అడగడానికి మొహమాటపడకండి. 1977 నవంబరు 19న ఈ దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. అరుగు మీద పెద్దాయన కనిపిస్తే, "నీళ్లు ఎందాకా వచ్చాయి, తాతా?" అని అడిగి, ఆయన చెప్పినంతసేపూ వినండి. ఆ రోజు పున్నమీ కాదు, అమావాస్యా కాదు. గాలి తోసుకొచ్చిన నీటికి తిథితో పనిలేదు. అందుకని అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ పంచాంగంతో పాటు వాతావరణ శాఖ హెచ్చరికా చూడాలి.

తాగేనీళ్లు, అన్నం మూట వెంట తీసుకెళ్లి ఖాళీ సీసాలు వెనక్కి తెండి. పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వకండి. పాలకాయతిప్పలో మెరైన్ పోలీస్ స్టేషన్ ఉంది. వాళ్లు ఆగమన్న చోట దయచేసి ఆగండి.