గొట్టంగారి గృహప్రవేశం

మా నూజివీడులో గొట్టానికున్న మర్యాద అల్లుడికి కూడా లేదు. వేసవిలో తెల్లవారుజామున ఏ మామిడి తోటలోకైనా వెళ్లి చూడండి. లుంగీ ఎగగట్టిన రైతు చెట్టు చెట్టు దగ్గరా వంగుతూ, 16 మిల్లీమీటర్ల నల్ల డ్రిప్పు గొట్టాన్ని వేళ్లతో తడుముతూ పోతుంటాడు. ఇక్కడ ఉడత కొరికింది. అక్కడ ఉప్పు పట్టి డ్రిప్పరు మూసుకుపోయింది. ఆ చివర మూత విప్పి బురద వదిలించాలి. చుక్క పడకపోతే చిన్నరసం పిందె రాలిపోతుంది మరి! ఆయన దృష్టిలో గొట్టమంటే నీళ్లొచ్చేది. రాకపోతే అది గొట్టమే కాదు, పాములా పడి ఉన్న దండగ.

అదే రైతు కూతురి పెళ్లికి వెయ్యిమందిని పిలిచి ఏసీ కల్యాణ మండపంలో కూర్చోబెడతాడు. అక్కడ నెత్తి మీద ఇంకో గొట్టం ఉంటుంది. దానివైపు తలెత్తి చూడడు.

నేను చూశాను. వచ్చిన చిక్కంతా అదే.

మండపం ఏ ఊళ్లోదో చెప్పను. చెప్పకపోయినా నలుగురు యజమానులు అది తమదేనని తగువుకొస్తారు. దాన్ని కట్టినవాడు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. ప్రారంభానికి రెండు రోజుల ముందు కబురు పెట్టి, చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. "మాస్టారూ, మన ఫైర్ సిస్టం చూడండి" అన్నాడు, పట్టుపరికిణీ కట్టిన కూతుర్ని చూపించినట్టు. సీలింగు పొడవునా ఎర్రటి గొట్టాలు నిగనిగలాడుతున్నాయి. ఎనామిల్ వాసన ఇంకా పోలేదు. నిచ్చెన మీది కుర్రాడి చేతిలో స్పానరు జారి గొట్టానికి గీసుకుంది. ఎర్ర తోలు కింద బూడిదరంగు బయటపడింది.

"ఏమయ్యా, ఇది బోరు పైపు కాదూ?"

"మన తోటలో బోరుకి దించగా మిగిలిందండీ. ఫైరుకి ఆరెంజ్ పైపు వేయాలట. రేటు చెప్పేసరికి నాకే చెమట పట్టింది. పైపు పైపే కదండీ, రంగుదేముంది! చూసేవాళ్లకి ఎర్రగా ఉంటే చాలు."

బోరు గొట్టానికి ఎర్ర చీర కట్టి ఫైరింజను పెళ్లాంగా పంపించాడన్నమాట.

ఇంతలో పక్కనున్న పెద్దాయన కల్పించుకున్నాడు. "అసలు ప్లాస్టిక్ గొట్టం మంటలార్పడమేంటి? నేతి గరిటెతో పొయ్యి ఆర్పినట్టు! ఆరెంజయినా అరటిపండు రంగయినా కాలిపోయేదే. ఆ మాత్రానికి డబ్బు తగలెయ్యడం దేనికి?" ఈ మాట వినగానే యజమాని ముఖం వెలిగింది. మనవాళ్ల తర్కంలో ఉన్న సుఖమే ఇది. మంచి సరుకు మీద ఒక అనుమానం పుడితే చాలు, చెడ్డ సరుకు కొనడానికి అది రసీదైపోతుంది.

వాళ్లిద్దరూ వినని పాఠం మీకు చెబుతాను. ఆరెంజ్ పైపు సీపీవీసీ. అదీ ప్లాస్టిక్కే, కాకపోతే పీవీసీకి ఇంకాస్త క్లోరిన్ పట్టించి గట్టిపరిచిన రకం. 57 శాతం దగ్గరుండే క్లోరిన్ పాలు ఇందులో 67 దాకా ఉంటుంది. ఇది మండుతూ ఉండాలంటే గాలిలో 60 శాతం ఆక్సిజన్ కావాలి, మన గాలిలో ఉన్నది 21. అందుకని మంట తగిలితే పైన నల్లటి బొగ్గు పొర కట్టుకుంటుంది తప్ప తనంతట తాను మండుతూ పోదు. స్ప్రింక్లర్ల కోసమే దీనికి ఐఎస్ 16088 అని ఒక భారత ప్రమాణం 2012లో వచ్చింది. 65 డిగ్రీల వేడిలో కూడా ఇది 12 బార్ల ఒత్తిడిని మోయగలదు.

ఇక స్ప్రింక్లరు సంగతి. దాని ముక్కులో ఎర్రటి ద్రవం నింపిన చిన్న గాజు గుళిక ఉంటుంది. వేడి 68 డిగ్రీలకు చేరితే అది పగిలి నీళ్లు దూకాలి. సినిమాల్లో చూపించినట్టు హాలంతా ఒకేసారి వాన కురవదు, మంట పైనున్న గుళికే పగులుతుంది. మావాడు బిగించిన బోరు పైపేమో 60 దాటితే ఒత్తిడి మోయలేక మెత్తబడే రకం. గుళిక పగిలేలోపే గొట్టం చేతులెత్తేస్తుంది. పైగా తోటలో భూమిలోపల చల్లగా పడుకోవాల్సిన దాన్ని తెచ్చి, నిప్పుకి ఎదురెళ్లమని సీలింగు ఎక్కించారు.

ఆరెంజ్ పైపుకి కూడా ఒక మొండి షరతుంది, లోపల ఎప్పుడూ నీళ్లు నిండుగా ఉండాలి. కాగితం కప్పులో టీ ఉన్నంతసేపు కింద అగ్గిపుల్ల గీసినా కప్పు కాలదు, వేడంతా టీ లాగేసుకుంటుంది. ఖాళీ కప్పు కింద గీసి చూడండి. గొట్టం కథా అంతే. ప్లాస్టిక్కా ఇనుమా అని రచ్చబండ మీద రాత్రంతా వాదించే పెద్దమనుషుల్లో ఒక్కడూ లోపల తడుందా అని అడగడు.

ఆరెంజ్ పైపుకి ఇంకా కొన్ని నఖరాలున్నాయి. నూనె రంగు పడదు, రంగే వేయాలనుకుంటే నీళ్లలో కలిసే రంగు వేయాలి. వంటనూనె తగిలితే కొన్నాళ్లకు సన్నగా పగుళ్లిస్తుంది. కరెంటు వైర్ల కట్టలు దాని మీద పడుకోకూడదు, వైరు తొడుగులో మెత్తదనం కోసం కలిపే రసాయనం దీనికి గిట్టదు. ఇప్పుడు మన డెకరేషన్ కుర్రాళ్లను తలుచుకోండి. సీరియల్ లైట్ల వైర్లు చుట్టేది ఆ గొట్టానికే. బంతిపూల దండలు వేలాడేది ఆ గొట్టానికే. గులాబీ రంగు శాటిన్ గుడ్డని స్ప్రింక్లరు ముక్కుకే ముడేసి పందిరి దించుతారు. ముహూర్తం నాడు దానికి మామిడాకులు కూడా కట్టారు. నాకప్పుడు అర్థమైంది, మేం కట్టుకున్నది గొట్టం కాదు, తోరణం. మామిడాకుల తోరణం చుట్టాల కోసం, ఎర్ర తోరణం ఫైరువాళ్ల ఎన్‌వోసీ కోసం. 1999లో చేసిన ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీసు చట్టానికి మనం చేసే పూజ అంతటిదే.

అసలు ఈ స్ప్రింక్లరు పుట్టుక చూడండి. 1874లో అమెరికాలో హెన్రీ పార్మెలీ అనే పియానోల తయారీదారు పేటెంటు తీసుకున్నాడు. ఎవరో తనిఖీకొస్తారని కాదు, తన కర్ర సరుకు కాలిపోతుందన్న భయంతో తన ఫ్యాక్టరీలోనే బిగించుకున్నాడు. పాపం, అమాయకుడు. తనిఖీ అనే మాట ముందు తెలిసుంటే రంగు డబ్బాతో పని కానిచ్చేవాడు.

ఇక మన దగ్గర సంగతి చూడండి. 2020 ఆగస్టు 9న విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో, కోవిడ్ కేంద్రంగా వాడుతున్నప్పుడు, మంటలు లేచి పదిమంది పోయారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు, పాతికేళ్లు కూడా దాటని పిల్లలు, పొగకు ఊపిరాడక. మా గుమ్మం ముందు కూడా జరిగింది. 2022 ఏప్రిల్ 4న నూజివీడుని కృష్ణా నుంచి విడదీసి కొత్త ఏలూరు జిల్లాలో కలిపారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, 13వ తేదీ రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన ఫ్యాక్టరీలో ఆరుగురు కాలిపోయారు. రియాక్టరు దగ్గర రేగిన మంటకు ఈ సీలింగు గొట్టాల లెక్క చాలదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ ప్రతిసారీ వారం రోజులు ఊరూరా తనిఖీ, ఎనిమిదో రోజు రంగు డబ్బా. ఈ లెక్క మాత్రం ఎక్కడైనా సరిపోతోంది.

ఈ హాళ్ల గొడవ మామిడి సీజనొచ్చేసరికి కాయల గోదాముల్లోకి దిగుతుంది. వరిగడ్డి పరుపు, అట్టపెట్టెల గుట్టలు, పాత పేపర్లు, ప్లాస్టిక్ క్రేట్లు, మధ్యలో బీడీ. ఇంత సరుకున్న చోటికి ఆరెంజ్ పైపు కూడా పనికిరాదు. అది ఆఫీసులు, హోటలు గదుల్లాంటి చోట్లకే, గోదాముకి ఇనుమే కావాలి. పోనీ ఇనుమే వేశారనుకుందాం, మూల బుట్టలో చీటీగుడ్డలో చుట్టిన కార్బైడ్ ఉంటే? కాయకి రంగు తెప్పించడానికి కార్బైడ్ వాడొద్దని చట్టం ఏనాడో చెప్పింది. దాని మీద నీళ్లు పడితే వచ్చేది ఎసిటిలీన్, వెల్డింగు షాపులో ఇనుముని కోసే గ్యాసు. మంటార్పడానికి పోసిన నీళ్లే మంటకి తిండి పెడతాయి. కాయకీ దొంగ రంగు, గొట్టానికీ దొంగ రంగు. మా ప్రాంతం కళాకారుల పుట్టిల్లు అని ఊరికే అనరు.

మళ్లీ మండపానికొస్తాను. గొట్టాల వరసలో చిట్టచివర, వంటశాల గోడ పక్కన, ఒక చిన్న వాల్వు ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా వస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి పెట్టేది. మావాడు దాన్ని కూడా మరిచిపోకుండా పెట్టించాడు, రాగి చెంబులా తోమించాడు కూడా. పెళ్లి భోజనాల హడావుడిలో నేను ప్లంబరు కుర్రాణ్ణి పిలిచి అది తిప్పమన్నాను. కింద సాంబారు బకెట్టు పెట్టుకుని తిప్పాడు. కాస్త గాలి వచ్చింది. ఇంకాసేపు చూశాం. ఒక సాలీడు తొంగిచూసి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికెళ్లిపోయింది.

మావాడు వెనకనించి నా భుజం తట్టాడు.

"చూశారా మాస్టారూ? ఎంత పకడ్బందీగా చేయించానో! ఒక్క చుక్క లీకు లేదు."