బహ్లా కోటకు ఒకటే రేషియో

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: ఫోటో చూడకముందే ఫ్రేమ్ ఖాయం చేసుకోండి.

బహ్లా కోటను సెట్ వెయ్యాలనుకుందాం. ఒమన్‌లో నిజ్వాకు పడమట, ఖర్జూరపు తోటల మధ్య రాతి పునాదుల మీద లేచిన పచ్చి ఇటుకల కోట అది. బనూ నభాన్ వంశం 12వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం చివరిదాకా అక్కడ వెలిగింది. దాని ఫోటోలు కావలసినన్ని దొరుకుతాయి. ఫోన్‌వి 4:3, కెమెరావి 3:2, కొన్ని నిలువు, కొన్ని అడ్డం. ఉన్నవి ఉన్నట్టు, రిఫరెన్స్ ఫోటోలు బోర్డుగా పేర్చే సాఫ్ట్‌వేర్ ప్యూర్‌రెఫ్‌లో పరిచేస్తే దర్శకుడి కన్ను ఎక్కడా ఆగదు. మన తెర స్కోప్, అంటే వెడల్పు 2.39కి ఎత్తు 1. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగువాళ్లకు ఆ వెడల్పు రుచి చూపించింది. అందుకే బోర్డు మీద ప్రతి ఫోటో 2.39:1లోనే ఉండాలి.

ప్యూర్‌రెఫ్‌లో సి నొక్కి మౌస్ లాగితే క్రాప్ అవుతుంది. కానీ చేతి కొలతను నమ్మకండి, ఒకటి 2.3 వస్తుంది, ఇంకోటి 2.5. రేషియో లాక్ కావాలని సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు రాయండి. రాసేటప్పుడు నాలుగైదు రేషియోలు అడగొద్దు. ఎంచుకునే వీలుంటే మనసు చెదురుతుంది. ఒక్క 2.39 అడగండి, ఇష్టమొచ్చినట్టు లాగే క్రాప్‌ను తీసెయ్యమనండి. ఏ పనికో, ఎందుకో వివరించక్కర్లేదు. అవసరం గట్టిదైతే ఒక్క వాక్యం చాలు.

ఇక కత్తిరింపు. 6000×4000 ఫోటోలో వెడల్పు అంతా ఉంచితే ఎత్తు 2510 మిగులుతుంది. పోయిన 1490లో పైన ఆకాశం, కింద నేల. బురుజు తల కొంత తెగినా బెంగపడకండి, తెరమీదా అది తెగేదే. నిలువు ఫోటో, అంటే 4000×6000 అయితే, ఒక ముక్కకు 1674 ఎత్తే వస్తుంది. పైనుంచి మూడు ముక్కలు చెయ్యండి. అడుగున 978 మిగులుతుంది, అది తీసెయ్యండి. అక్కడుండేది ఆ రాతి పునాదే. సెట్‌లో దాన్ని మన వడ్రంగులు ఎలాగూ వేస్తారు. మనిషి నిలబడి ఉంటే ఆ మనిషినీ తీసెయ్యండి, చూపు గోడ మీద నిలుస్తుంది.

కోటను 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. 1988 నుంచి 2004 దాకా అది ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలోనూ ఉంది. అప్పటి శిథిలం, మరమ్మతు తర్వాతి గోడ ఒకే రేషియోలో పక్కపక్కన పెట్టండి. ఏ లెన్సుతో, ఎంత దూరంనుంచి తీశారో వెతుకుతూ కూర్చోకండి. ఫ్రేములు సమానమైతే పోల్చి చూడటం తేలికవుతుంది.

బహ్లా కుండల ఫోటోలకూ ఇదే నియమం. మూతీ అడుగూ పోయి నడుమే మిగులుతుంది. మట్టి రంగు, సారె గీతలు తెలియడానికి అది చాలు. దగ్గర్లోని జబ్రీన్ కోటలో రంగులద్దిన పైకప్పులున్నాయి. వాటి అంచు పట్టీ అడ్డొస్తే వదిలెయ్యండి, మధ్య నగిషీ పట్టుకోండి.

బోర్డు పూర్తయ్యాక అసలు ఫోటోలు చెరిపెయ్యండి. అవి ఫోల్డర్‌లో ఉంటే ఎవరో ఒకరు తెరిచి, నిలువుగా ఉన్న బురుజును మళ్లీ బోర్డు మీద పెడతారు.