శర్బత్తు సూత్రమునకు లఘుటీక

మూలము: పరీక్షార్థము అందిన ద్రవములో కరిగియున్న అజ్ఞాత పదార్థము ద్రవ క్రోమటోగ్రఫీచే వేరుపఱుపబడి గుర్తింపబడినది.

అవతారిక: కాశిబుగ్గ చౌరస్తాలో బండిమీద అమ్మిన శర్బత్తు త్రాగిన మా మనుమని నాలుక సాయంకాలమువఱకు ఎఱ్ఱగానే యుండుట చూచి, ఆ ద్రవమును సీసాలో పోయించి, ఇది పిల్లలు త్రాగవచ్చునా యని ఒక పరీక్షాలయము నడుగగా, రుసుము పుచ్చుకొని వారు దయచేసిన ఏకవాక్య నివేదికయే ఈ సూత్రము. ఆధారములేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు మల్లినాథసూరి ప్రతిన పట్టెను. ఈ సూత్రకారులు మొదటిదానిని విడిచి, రెండవదానిలో ఆయననే మించి, అక్కఱయైనదియు చెప్పరైరి.

టీక: ద్రవములో — స్పష్టము. కరిగియున్న — స్పష్టతరము. వేరుపఱుపబడి — ఇచ్చట వ్యాఖ్యాతృధర్మమును గూర్చి ఒక మాట. మన యోరుగల్లు ప్రభువగు ప్రతాపరుద్రుని పేర విద్యానాథుడు రచించిన అలంకారశాస్త్రమునకు ఆ మల్లినాథుని కుమారుడే, కుమారస్వామి, రత్నాపణమను వ్యాఖ్య వ్రాసెను. తండ్రి కాళిదాసును చూచుకొనగా కొడుకు మన యూరిని చూచుకొనెనన్నమాట. విద్యానాథుని యుదాహరణములన్నియు రాజస్తుతులే యగుటచే, అలంకారములు నేర్వబోయిన విద్యార్థికి ప్రభువు గుణములే కంఠస్థములయ్యెడివి గాబోలు. అయినను లక్షణము చెప్పినచోట లక్ష్యము చూపు మర్యాద ఆయన తప్పలేదు. మన నివేదికలోనో, ఏ కాలమ్, ఏ ద్రావకము, ఏ డిటెక్టరు అను ముక్కయే లేదు. అన్నట్లు, వేరుపఱుచుట యనగా నేమో చెప్పవలసి యుండెను.

త్స్వెట్ పండితుడు సుద్దపొడి నింపిన గాజుగొట్టములో ఆకుల రంగులను పట్టీలుగా విడదీసిన పద్ధతిని 1906లో ప్రకటించెను. నేడు ఉక్కుగొట్టములో, 18 కార్బనుల గొలుసులు తగిలించిన సిలికాపొడితో చేసిన సీ-18 కాలమే ఎల్లెడల వాడుక. జిడ్డుగుణముగల అణువులు అందు చిక్కి తడవుగా వచ్చును. చక్కెరవంటివి మాత్రము పెండ్లికి వచ్చి పందిట కూర్చుండని చుట్టములవలె తొలుతనే గుంపుగా వెడలిపోవును. వానిని నిలుపుటకు అసిటోనైట్రైల్ హెచ్చుగాగల హిలిక్ పద్ధతి కావలెను; అతినీలలోహిత దీపమునకు అవి యించుమించు కనబడవు గనుక వక్రీభవన డిటెక్టరును కావలెను.

గుర్తింపబడినది — పీక్ వచ్చిన నిమిషము తెలిసిన పదార్థపు నిమిషముతో కలిసెనని 'ఇది యదియే' యనుట తార్కికులు సవ్యభిచారమను హేతుదోషము. ఒకే నిమిషమున వేఱు పదార్థములును రావచ్చును. ద్రవ్యరాశి వర్ణపటమో, భిన్నస్వభావముగల మఱియొక కాలమో సాక్ష్యము పలుకవలెను. అజ్ఞాతమే యైనచో పోల్చుటకు దేనిని తెచ్చితిరి? గుర్తించితిరే యనుకొందము, దాని పేరేమి? నీటిలో కరుగు రోడమిన్-బి ఆహారమున నిషిద్ధము. అనుమతిగల రంగే యైనను మోతాదు మించరాదు. నేనడిగినది ఈ రెండే గదా!

తాత్పర్యము: అయ్యా, మీ రుసుము ముట్టినది.