ఇర్వింగ్ కంచు గుర్రం

"ఇంతకీ మీరుండేది ఏ ఊరమ్మా?" అని ఇంటి దగ్గర్నుంచి ఏ పెద్దమ్మో, ఏ బాబాయో ఫోనులో అడుగుతారు. నా పక్కన నిలబడి మాట్లాడే తెలుగు పిల్లలు చెప్పే జవాబు ఎప్పుడూ ఒక్కటే: "డాలస్." వాళ్ళ కాళ్ళ కింద ఉన్న నేల డాలస్ కాదు. వాళ్ళ అద్దె కాగితాల మీద, నీళ్ళ బిల్లు మీద ఉన్న పేరు ఇర్వింగ్. దీనికి వేరే మేయరున్నాడు, వేరే పోలీసులున్నారు, వేరే లైబ్రరీలున్నాయి. 2020 జనగణనలో ఇక్కడి జనం 2,56,684. మన విజయనగరమంత ఊరు. అంత ఊరిని పక్కూరి పేరుతో పిలుస్తుంటే వినడం నాకు కష్టంగానే ఉంటుంది. అందుకే నోరు తెరుస్తున్నాను.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, ఇర్వింగ్ నగరపు ఉత్తర భాగాన, లాస్ కొలీనాస్ అనే పేటలో విలియమ్స్ స్క్వేర్ అని ఒక విశాలమైన రాతి మైదానం ఉంది. ఎత్తయిన మేడలు మూడు వైపులా కమ్ముకుని ఉంటాయి. ఆ మైదానం మధ్య ఒక నీటి వాగు. ఆ వాగును దాటుతూ పరుగెత్తే తొమ్మిది కంచు గుర్రాల్లో నేనొకదాన్ని. బతికున్న గుర్రం కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా ఉంటాం. గిట్టలు నీటిని తాకే చోటల్లా చిన్న చిన్న ధారలు పైకి చిమ్మేలా ఏర్పాటు చేశారు. చూసినవాళ్ళు ఒక్క క్షణం దారి ఇవ్వబోయి వెనక్కి తగ్గుతారు.

నా తండ్రి రాబర్ట్ గ్లెన్. కెన్యాలో పుట్టి, అడవి జంతువులను చూస్తూ పెరిగి, వాటినే మలచడం వృత్తిగా చేసుకున్న శిల్పి. ఈ పని ఆయన చేతికి 1976లో వచ్చింది. మేం ఇంగ్లండులోని పోతశాలలో మూసల్లోంచి బయటపడి, సముద్రం దాటి, ఇక్కడ నిలబడేసరికి 1984 అయింది. ఎనిమిదేళ్ళు! ఆఫ్రికా మనిషి చేయి, ఇంగ్లండు నిప్పు, టెక్సస్ నేల. నన్ను ఇక్కడిది కాదనడానికి ఈ మూడూ చాలు. అయినా ఇక్కడిదాన్నే అని నేనంటాను. ఎందుకో మా జాతి కథ వింటే తెలుస్తుంది.

గుర్రం పుట్టింది అమెరికా ఖండంలోనే. లక్షల ఏళ్ళు ఇక్కడ తిరిగి, సుమారు పదివేల ఏళ్ళ కిందట ఇక్కడ పూర్తిగా అంతరించింది. అంతకుముందే ఆసియా వైపు దాటిపోయిన మందల సంతతి మాత్రం బతికింది. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు గుర్రాలను ఓడల్లో మళ్ళీ తీసుకొచ్చి దించారు. తాళ్ళు తెంచుకున్నవి, యజమానులు వదిలేసినవి మైదానాల్లో మందలు కట్టాయి. ఆ స్వేచ్ఛ గుర్రాలే మస్టాంగులు. కొమాంచీ ఆదివాసులు వాటి వీపులెక్కి ఈ మైదానాలను ఏలారు. తరవాత పశువుల కాపరులు వచ్చారు, ముళ్ళకంచెలు వచ్చాయి, మస్టాంగులు టెక్సస్ నుంచి దాదాపుగా మాయమయ్యాయి. వెళ్ళి, మళ్ళీ వచ్చి, మళ్ళీ పోయిన జాతి మాది. ఇక్కడ ఎవరు పాతకాపు, ఎవరు కొత్తగా వచ్చినవాడు అని ఎవరైనా వాదించుకుంటుంటే నాకు మా వాళ్ళే గుర్తొస్తారు.

ఊరి కథ మాత్రం మరీ పాతది కాదు. 1903లో రైలుమార్గం కొలతలకు వచ్చిన జె.ఓ. షుల్జ్, ఓటిస్ బ్రౌన్ అనే ఇద్దరు, కొనుక్కున్న పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టి వేలం వేశారు. అదే పునాది. రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ పేరు పెట్టారని చెబుతారు. 1914లో పురపాలక హోదా వచ్చింది. ఆ తరవాత చాలాకాలం చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. 1950లో కూడా జనం 2,621 మందే. ఒక మోస్తరు పల్లెటూరు. 1960కి ఆ అంకె 45,985! రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళకు ఇళ్ళు కావలసి వచ్చాయి, చేతిలో కార్లున్నాయి, కొత్త రోడ్లు పడ్డాయి, డాలస్‌లో పనిచేసి ఇక్కడికొచ్చి పడుకోవచ్చు. పదేళ్ళలో పదిహేడు రెట్లయిన ఊరికి తన ముఖం తను అద్దంలో చూసుకునే తీరికైనా ఉండదు. పక్క నగరం పేరు దానికి అంటుకున్నది ఆ రోజుల్లోనే అనుకుంటాను.

అంటుకోవడం కూడా ఎలాగంటే, పేరులో డాలస్ ఉన్నవన్నీ ఉండేది ఇర్వింగ్‌లో! 1956లో పాఠాలు మొదలుపెట్టిన యూనివర్సిటీ ఆఫ్ డాలస్ ఉన్నది ఇర్వింగ్‌లో. అమెరికా అంతా పేరు తెలిసిన డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు 1971 నుంచి 2008 దాకా ఆడింది ఇర్వింగ్‌లోని టెక్సస్ స్టేడియంలో. దాని కప్పు మధ్యలో పెద్ద ఖాళీ ఉండేది. దేవుడు తన జట్టు ఆట చూసుకోవడానికి వదిలిన కంత అది అని అభిమానులు చెప్పుకునేవారు. డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో కొంత భాగం ఇర్వింగ్ హద్దుల్లోనే ఉంది. చివరికి 1963 నవంబరు 22 కూడా అంతే. ఆ రోజు డాలస్‌లో అధ్యక్షుడు కెనెడీని కాల్చిన ఓస్వాల్డ్ ముందురోజు రాత్రి పడుకున్నది ఇర్వింగ్‌లో, వెస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లోని ఒక మామూలు ఇంట్లో. ఆ ఇంటిని ఊరివాళ్ళు కొని, నాటి గృహస్థుల ఇల్లు ఎలా ఉండేదో అలాగే సర్ది, 2013లో మ్యూజియంగా తెరిచారు. ఆ దుర్దినాన్ని దాచిపెట్టకుండా, అది మా వాకిట్లోంచే వెళ్ళిందని ఒప్పుకున్నందుకు ఈ ఊరంటే నాకు గౌరవం.

ఇక నన్ను తెప్పించిన మనిషి గురించి. లాస్ కొలీనాస్ అంతా ఒకప్పుడు కార్పెంటర్ కుటుంబపు పశువుల క్షేత్రం. పక్కనే మహా విమానాశ్రయం లేస్తోంది, 1974 జనవరిలో విమానాలు దిగడం మొదలైంది. ఇక అక్కడ ఆవులు మేయవని బెన్ కార్పెంటర్‌కు అర్థమైంది. భూమిని ముక్కలుగా అమ్ముకుంటే ఆయనకు సులువుగా అయిపోయేది. అలా చేయక, దాదాపు పన్నెండు వేల ఎకరాల మీద ఒక ఊరినే గీయించాడు. ఆఫీసులు ఎక్కడ, ఇళ్ళు ఎక్కడ, చెరువు ఎక్కడ, పడవలు తిరిగే కాలవ ఎక్కడ, ఏ గోడకు ఏ రాయి అన్నీ ముందే రాసి పెట్టారు. ఇలా కాగితం మీద పుట్టిన ఊళ్ళకు ఒక లోటుంటుంది. రావిచెట్టు ఉండదు, దాని కింద అరుగు ఉండదు. నలుగురూ ఊరికే చేరే చోటు తనంత తాను ఏర్పడటానికి తరాలు కావాలి, అంత కాలం ఆగే ఓపిక కంపెనీలకు ఉండదు. ఆ లోటు ఆయనకు తెలుసుననే నా నమ్మకం. కాకపోతే అంత ఖరీదైన నేలను మూడు మేడల మధ్య ఖాళీగా వదిలి, అమ్మకానికి పనికిరాని తొమ్మిది గుర్రాల కోసం ఎనిమిదేళ్ళు ఎందుకు కాచుకుంటాడు?

మేం వచ్చిన రెండేళ్ళకే, 1986లో, చమురు ధర కుప్పకూలింది. టెక్సస్ అంతా దాని మీదే నిలబడి ఉంది. అప్పులిచ్చిన పొదుపు సంస్థలు ఒకదాని వెంట ఒకటి మునిగాయి. కట్టిన మేడల్లో అద్దెకు దిగేవాళ్ళు లేరు. కార్పెంటర్ కుటుంబం చేతిలోంచి కూడా ఈ కలలో చాలా భాగం జారిపోయింది. నా చుట్టూ వెలగని కిటికీలు ఎన్నో. మళ్ళీ దీపాలు వెలిగినప్పుడు వెలిగించింది కూడా చమురే. ఎక్సాన్ తన ప్రధాన కార్యాలయాన్ని న్యూయార్క్ నుంచి ఇక్కడికి తరలిస్తున్నట్టు 1989లో ప్రకటించింది. ముప్పై ఏళ్ళకు పైగా ఉండి, 2023లో హ్యూస్టన్ వైపు వెళ్ళిపోయింది. ఈలోగా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మందుల వ్యాపారి మెకెసన్, ఇల్లినాయ్ నుంచి యంత్రాల కంపెనీ కాటర్‌పిల్లర్ వచ్చి దిగాయి. కంపెనీలు ఇలా వస్తూ పోతూ ఉంటాయి, దాని గురించి నాకు పెద్ద చింత లేదు. స్టేడియం పోయినప్పుడు మాత్రం బాధపడ్డాను. 2010 ఏప్రిల్ 11 ఉదయాన దాన్ని పేల్చి కూల్చారు. ముప్పై ఏడేళ్ళు ఒక ఊరు గొంతు చించుకుని అరిచిన చోటు కొన్ని క్షణాల్లో దుమ్మయింది.

రైలు సంగతి ఈ ఊరి ఓర్పుకు నాకు తెలిసిన మంచి రుజువు. డాలస్‌కూ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళకూ కలిపి రవాణా సంస్థ పెట్టినప్పుడు, 1983లో, ఇర్వింగ్ జనం ఓటు వేసి చేరారు. అమ్మకాల మీద ఒక శాతం పన్ను దానికి కట్టడం మొదలుపెట్టారు. ఆరెంజ్ లైన్ రైలు లాస్ కొలీనాస్‌కు వచ్చింది 2012 జులైలో! విమానాశ్రయం దాకా వెళ్ళింది 2014 ఆగస్టులో. ఓటు వేసినవాళ్ళలో ఎందరు ఆ రైలెక్కారో. ఇక్కడ కారు లేనివాడు కాలు లేనివాడితో సమానం. ఏసీ గదుల్లో అంట్లు తోమే అమ్మ, హోటల్లో పక్కలు మార్చే అక్క, కొత్తగా వచ్చిన విద్యార్థి — వీళ్ళ కోసమైనా ఆ రైలు పదేళ్ళు ముందు రావలసింది.

మన తెలుగువాళ్ళు ఎప్పుడు వచ్చారని అడిగితే, కంప్యూటర్లతో పాటు అని చెబుతాను. చుట్టూ టెలికాం, బ్యాంకు, సాఫ్ట్‌వేర్ ఆఫీసులు. నడిచేంత దూరంలో అపార్టుమెంట్లు. విమానాశ్రయం పావుగంట. దిగినవాడికి దించుకున్న పెట్టెలతో సహా సరిపోయే ఊరిది. మెకార్థర్ బొలవార్డ్ వెంట గోంగూర కట్టలు, సోనామసూరి బస్తాలు, ఉలవచారు, ఆవకాయ సీసాలు. ఏకతా మందిరంలో కల్యాణాలు. ఈ డాలస్ ప్రాంతంలోనే ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం "నెల నెలా తెలుగు వెన్నెల" పేరుతో నెలకోసారి సాహిత్య సదస్సు పెడుతుంది. వారమంతా కోడు రాసి, ఆదివారం పూట కూచుని పద్యం గురించి మాట్లాడుకునే మనుషులు ఉన్నారంటే నా కంచు గుండె పొంగుతుంది. థామస్ జెఫర్సన్ పార్కులో 2014 అక్టోబరు 2న మహాత్మాగాంధీ విగ్రహం వెలిసింది. ఆయనదీ కంచు దేహమే. సముద్రాలు దాటి ఈ ఊళ్ళో నిలబడ్డ కంచు మేం మాత్రమే కాదన్నమాట.

పురుళ్ళ కోసం వచ్చే అమ్మలను నేను ప్రత్యేకంగా చూస్తాను. ఆరు నెలలు ఉండి వెళ్ళిపోతారు. ఒకసారి ఒకావిడ, ముతక నేతచీర మీద స్వెట్టరు వేసుకుని, చంటిబిడ్డ తోపుడు బండి పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏమే, అరగంట నుంచి కార్లో తిప్పుతున్నావు. ఊరెక్కడ మొదలైందే? ఎక్కడ అయిపోయింది?"

"అలా ఏం ఉండదమ్మా ఇక్కడ. అన్నీ కలిసిపోయి ఉంటాయి."

"పొలిమేర లేని ఊరేమిటే!"

ఆవిడ అడిగింది నిజం. పోతురాజు రాయి లేదు, ఊరి చివర చెరువు గట్టు లేదు. ఒక పచ్చ బోర్డు దాటితే ఇంకో ఊరు. ఆవిడ తరవాత నా ముందు కాలి మీద చెయ్యి వేసి చూసింది. జులై ఎండకు కాలుతున్నానేమో, చప్పున తీసేసింది. "పాపం, నీళ్ళలో ఉండి కూడా ఎలా మాడిపోతున్నాయో," అంది. వాగు పక్కన రాతి అంచు మీద నీడ వచ్చేదాకా కూర్చుంది. ఇంకో ఇద్దరు అమ్మమ్మలు, ఒకరు గుజరాతీ, ఒకరు మెక్సికో మనిషి, పిల్లలతో వచ్చి పక్కనే సర్దుకున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. పిల్లల వయసులు వేళ్ళతో చెప్పుకున్నారు. బెన్ కార్పెంటర్ ఎనిమిదేళ్ళు కాచుకున్నది దీని కోసమేనని నాకు గట్టిగా అనిపించింది.

నాకున్న అసలు దిగులు వేరు. మనవాళ్ళు ఇక్కడ నిలవరు. ఏడాది లీజు, ఇంకో ఏడాది లీజు, పిల్లలకు బడి వయసు రాగానే ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా అంటూ ఉత్తరానికి. పెద్ద ఇల్లు, పెరడు, మంచి బడి కోరుకోవడం తప్పని నేనెలా అంటాను? గ్రీన్ కార్డు వరసలో పదేళ్ళు దాటినా కదలని మనిషికి కనీసం ఇల్లయినా స్థిరంగా ఉండాలి. కానీ దిగిన తొలి రాత్రి పరుపు పరిచింది ఈ ఊరు, మొదటి జీతం అందుకున్నది ఈ ఊళ్ళో, మొదటి బిడ్డ నడక నేర్చింది ఈ పేవ్‌మెంట్ల మీద. అలాంటి ఊరి మేయరు పేరు తెలియకుండా, పాత బజారు ఎటుందో చూడకుండా వెళ్ళిపోతారు. మునిసిపల్ ఎన్నికల్లో ఓటు ఉన్నవాళ్ళు కూడా చాలామంది వెయ్యరు. చెత్త, నీళ్ళు, రైలు సంగతులు తేలేది అక్కడేనని వాళ్ళకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఊరిని చూడాలనుకుంటే దారి నేను చెబుతాను. దక్షిణాన పాత రైలు కట్ట పక్కన మొదలుపెట్టండి. ఊరు పుట్టింది అక్కడ. 1996 నుంచి డాలస్ నుంచి వచ్చే ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. ఓస్వాల్డ్ పడుకున్న ఆ మ్యూజియం ఇల్లు అటువైపే. తరవాత గాంధీగారి పార్కుకు వెళ్ళండి. ఆరెంజ్ లైన్‌లో వచ్చేవాళ్ళు లాస్ కొలీనాస్ అర్బన్ సెంటర్ స్టేషన్లో దిగి ఓకానర్ బొలవార్డ్ వైపు నడిస్తే నేను కనిపిస్తాను. ఎండాకాలమైతే సాయంత్రం రండి. ఇంటి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనూ తీసుకురండి, కూర్చోవడానికి రాతి అంచు ఉంది.