ఆ మొదటి సెకను కోసం

పుట్టుపూర్వోత్తరాలు అడిగితే, ఊపిరిని కొలిచే స్పైరోమీటర్ కాస్త గొప్పగానే చెప్పుకుంటుంది. తనను లోకానికి పరిచయం చేసింది జాన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ డాక్టరట, 1846లో. నీళ్లలో బోర్లించిన గంట, దానికో గొట్టం. ఊదితే గంట పైకి లేచేది. పోలీసులు, సైనికులు, కుస్తీవాళ్లు కలిపి రెండు వేల మందికి పైగా ఊదారు. జీవిత బీమా కంపెనీలకు ఈ పరికరం బాగా పనికొస్తుందని ఆయన ఆశ.

ఎముక మజ్జ మార్పిడి వార్డులో స్పైరోమీటర్‌కు కొలువు దొరుకుతుందని పాపం ఆయనకేం తెలుసు! మజ్జ ఎక్కించిన తొలి ప్రయత్నాలను డాక్టర్ డొనాల్ థామస్ 1957లో ప్రచురించారు, 1990లో నోబెల్ అందుకున్నారు.

మార్పిడి అయిన కొత్తలో వచ్చే న్యుమోనియా, ఫంగస్, సైటోమెగలో వైరస్ చాలావరకు జ్వరంతోనో దగ్గుతోనో బయటపడతాయి. వాటికి స్కానింగులున్నాయి. స్పైరోమీటర్ అసలు పని ఆ తర్వాతే.

దాత కణాలు కొందరిలో కొత్త ఇంటినే పరాయిదనుకుని దాడికి దిగుతాయి. దాంతో ఊపిరితిత్తుల్లోని సన్నటి శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోతాయి. దీని పేరు బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరన్స్. ఎక్కువగా మొదటి రెండేళ్లలో వస్తుంది. మొదట్లో ఎక్స్‌రే శుభ్రంగానే కనిపించవచ్చు. “బాగానే ఉన్నానండీ, మెట్లెక్కితేనే కొంచెం ఆయాసం, నీరసం వల్లేమో” అంటాడు పేషెంటు.

స్పైరోమీటర్ పరీక్షలో ముక్కుకు క్లిప్పు పెట్టి, నోట్లో గొట్టం పెడతారు. “గట్టిగా పీల్చండి... ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా!” అని టెక్నీషియన్ అరుస్తుంటే పేషెంటు మొహం కందిపోతుంది. స్పైరోమీటర్ కళ్లన్నీ మొదటి సెకను మీదే. అందులో బయటికొచ్చిన గాలి లెక్కే ఎఫ్‌ఈవీ1. అది ఉండాల్సినదాంట్లో 75 శాతానికి దిగువకు చేరి, రెండేళ్లలోపే 10 శాతమైనా తగ్గిందంటే, ఇన్‌ఫెక్షన్ కూడా లేదంటే, డాక్టరుకు అనుమానం బలపడుతుంది.

అనుమానం నిజమైతే స్టెరాయిడ్లు, మాంటెలుకాస్ట్, అజిత్రోమైసిన్, ఈమధ్య రుక్సోలిటినిబ్ వాడుతున్నారు. జబ్బు రాకముందే అడ్డుకుందామని అజిత్రోమైసిన్‌ను దీర్ఘకాలం ఇచ్చి చూస్తే, మార్పిడికి కారణమైన రక్త క్యాన్సర్ తిరగబెట్టడం పెరిగింది. అలా వాడొద్దని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

మందులు ఈ క్షీణతను ఆపగలవేమో గానీ, మూసుకుపోయిన నాళాలను తెరవడం వాటి తరం కాదు. అందుకే మార్పిడికి ముందొకసారి, ఆ తర్వాత తొలి రెండేళ్లు సుమారు మూడు నెలలకోసారి వచ్చి ఊదమంటుంది స్పైరోమీటర్. దగ్గు లేదు కదా అని ఆ పరీక్ష మానుకోకండి.