కోటలు కూల్చినదాన్ని

నా పేరు క్రష్ ది క్యాజిల్. కోటలు కూల్చడం నా వృత్తి. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆర్మర్ గేమ్స్ వాళ్లు నన్ను ఇంటర్నెట్‌లో వదిలారు. జోయి బెట్జ్ ప్రోగ్రాం రాశాడు, క్రిస్ కాండన్ బొమ్మలు వేశాడు. నన్ను కొనక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. బ్రౌజర్‌లో పేజీ తెరిచి, లోడింగ్ గీత నిండేదాకా ఓపిక పడితే కోట ప్రత్యక్షమయ్యేది. లోపల రాజు, రాణి, భటులు ఉండేవారు. వాళ్లలో ఒక్కరూ మిగలకూడదు. అదీ ఆట.

నా ఆయుధం ట్రెబుషే. పొడవాటి దూలానికి ఒక కొసన బరువు, రెండో కొసన ఒడిసెల. మీ పల్లెల్లో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలే ఒడిసెలే, కాకపోతే ఇది రాక్షస ఒడిసెల. ఇదేమీ కల్పితం కాదు. 1304లో స్కాట్లండ్‌లోని స్టర్లింగ్ కోట ముందు ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ‘వార్‌వుల్ఫ్’ అనే ట్రెబుషేను కట్టించాడు. లోపలివాళ్లు లొంగిపోతాం మొర్రో అన్నా వినకుండా, దాని దెబ్బ రుచి చూపించాకే లొంగుబాటుకు ఒప్పుకున్నాడట. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. అంత కష్టపడి కట్టించింది వాడకుండా ఎలా ఊరుకుంటాడు?

నన్ను ఆడటానికి మౌస్ ఒక్కటి చాలు. ఒకసారి నొక్కితే దూలం లేస్తుంది, మళ్లీ నొక్కితే రాయి వదులుతుంది. ఆ రెండు నొక్కుల మధ్యే ఉంది కిటుకంతా. తొందరపడితే రాయి ఆకాశం చూసి వస్తుంది, ఆలస్యమైతే కోటకు ఇవతలే నేలను గుద్దుకుంటుంది. సరిగ్గా పడిందా, అడుగు దిమ్మె ఒక్కటి జరిగి, పై అంతస్తు ఓ క్షణం ఊగిసలాడి, కూలాలా వద్దా అని ఆలోచించి మరీ కూలేది. ఆ ఒక్క క్షణం కోసమే ఆఫీసుల్లో పెద్దమనుషులు లెక్కల పేజీ వెనక నన్ను దాచుకుని ఆడేవారు. అధికారి అడుగుల చప్పుడు వినగానే నన్ను కిందికి నెట్టేసేవారు. వాళ్ల మీద నాకు కోపం లేదు, మళ్లీ పైకి తెచ్చేవారు కదా.

కూలడం వెనక లెక్క ఉంది. మా జాతి ఆటల్లో ప్రతి దిమ్మెకూ బరువు, జారుడు, గురుత్వం ఉంటాయి. ఏది దేన్ని తాకింది, ఎంత తోసిందన్న లెక్క సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. కదలని దిమ్మెల్ని నిద్రపుచ్చడం కూడా ఉంది, కంప్యూటర్‌కు పని తగ్గాలని. రాయి తగిలితే అవి ఉలిక్కిపడి లేస్తాయి. నిద్రా మెలకువా లేనిది నేల ఒక్కటే. ఎంత పెద్ద రాయి పడ్డా నేల కదలకూడదని ప్రోగ్రాంలోనే రాసి పెడతారు. ఆ మాట నమ్మే నేను పెరిగాను.

పుట్టిన ఏడాది తిరగకముందే, 2009 డిసెంబరులో, ఫిన్లండ్ నుంచి యాంగ్రీ బర్డ్స్ ఐఫోన్‌లోకి దిగింది. రాళ్ల బదులు పిట్టలు, రాజు బదులు పందులు. దానికి నేనూ ఒక స్ఫూర్తినని ఆటల చరిత్ర రాసేవాళ్లు రాస్తారు. లోకంలో ఒడిసెలతో పిట్టల్ని తోలతారు, నన్ను మాత్రం పిట్టలే తోలేశాయి. బొమ్మలు, చొక్కాలు, సినిమాలు అన్నీ వాటికే. అయితే గట్టిగా అరిచే హక్కు నాకూ లేదు. నాకు ముందు క్యాజిల్ క్లౌట్ అనే ఆట ఉంది, నా ఊహ అక్కడిదే. ఆ పిట్టలు ఎగిరే లెక్క కూడా ఎరిన్ కాటో రాసి ఉచితంగా ఇచ్చిన బాక్స్‌టూడీ అనే ప్రోగ్రాందే. 2011లో గేమ్ డెవలపర్ల సమావేశంలో ఆయనే లేచి, మీ ఆటలో బాక్స్‌టూడీ పేరు వేస్తారా అని యాంగ్రీ బర్డ్స్ వాళ్లను అడగాల్సి వచ్చింది. కింది దిమ్మె పేరు ఎవరికి కావాలి?

2010లో నేనూ ఐఫోన్‌లోకి వెళ్లాను. కానీ అక్కడికి నన్ను ఉన్నపళాన తీసుకెళ్లడం కుదరలేదు. నేను బ్రౌజర్‌లో ఆటలు నడిపే అడోబీ కంపెనీ ప్రోగ్రాం ఫ్లాష్ మీద నిలబడ్డదాన్ని, ఐఫోన్ ఫ్లాష్‌ను గడప తొక్కనివ్వలేదు. బ్యాటరీ తింటుంది, భద్రతకు చేటు, టచ్‌కు పనికిరాదు అంటూ అదే ఏడాది ఏప్రిల్‌లో ఐఫోన్ చేసే యాపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్ బహిరంగంగా ఉత్తరం రాశాడు. ఫ్లాష్‌లో లొసుగులు లేవని నేను అనను. 2017 జులైలో అడోబీ ముహూర్తం పెట్టేసింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు సెలవు, 2021 జనవరి 12 నుంచి అది ఏదీ నడపదు. నా కోటల్లో ఒక్క రాయీ చెదరలేదు, నా లెక్క ఒక్కటీ తప్పలేదు. కదలదని రాసిపెట్టుకున్న నేలనే లాగేశారు. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు బూడిదరంగు డబ్బా కనిపించేది. రెండుసార్లు నొక్కి చూసి వెళ్లిపోయేవారు. నన్ను ఓడించి వెళ్లినా అంత బాధ ఉండేది కాదు.

పిట్టలకైనా శాశ్వతత్వం దక్కిందా అంటే, లేదు. 2019లో ఆ మొదటి యాంగ్రీ బర్డ్స్‌ను స్టోర్లలోంచి తీసేశారు. ఫోన్లు మారాయి, పాత ఆటను మోయడం భారమైంది. ఆ కబురు విని సంతోషిద్దామనుకున్నాను, చేతకాలేదు.

మమ్మల్ని దాచిపెట్టింది ఆడి పెరిగినవాళ్లే. ఫ్లాష్‌పాయింట్ పేరుతో కొందరు పాత ఫ్లాష్ ఆటల్ని మూటగట్టారు. రఫుల్ అనే ప్రోగ్రాం, ఫ్లాష్ లేకుండానే ఫ్లాష్ ఉన్నట్టు నటించి పాత ఆటల్ని నిలబెడుతోంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులోనే దాన్ని వాడి ఫ్లాష్ ఆటలకు చోటిచ్చింది. ఆటలు కట్టే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. దిమ్మెలు ఎంత గట్టిగా పేర్చారన్నది తరవాత చూసుకోండి. కింద నేల ఎవరిదో ముందు అడగండి, అది పోయే రోజుకు మీ పని ఇంకో నేల మీదికి మోసుకెళ్లేలా ఒక ప్రతి దాచుకోండి.