పదిహేను వేల ఏళ్ల నాటి వాన నా ఒంట్లో ఉంది

నన్ను కన్నది వాన. పెంచింది చీకటి. పాత కర్నూలు జిల్లాలోని వాల్మీకి గుహలో, పైకప్పు నుంచి రాలిన నీటిచుక్కల కింద, నేల మీద పేరుకుంటూ పైకి లేచిన సున్నపు రాయిని నేను. చదువుకున్నవాళ్లు స్టాలగ్మైట్ అంటారు. పైనుంచి కిందికి వేలాడే నా తోబుట్టువు పేరు స్టాలక్టైట్. ఈ నేలలోనే ఉన్న బెలుం గుహలు చూడ్డానికి వచ్చే జనం మావాళ్లను లింగాలుగా తలచి దండం పెట్టుకుంటారు. అక్కడ ఒక గదికి కోటిలింగాలు అనే పేరే ఉంది.

పుట్టింది కర్నూలు నేలలో అయినా నా కథ పాలమూరు, నల్లగొండ వాళ్లు వినాలని నా కోరిక. తుంగభద్ర దాటితే అలంపురం. నా గుహ మీద కమ్మిన మొగులే మీ చేల మీదా కమ్మింది, నా దగ్గర మొహం చాటేసినప్పుడు మీ దగ్గరా చాటేసింది. ఏడాదికి 600 మిల్లీమీటర్లు అటూ ఇటూగా పడే వానను నమ్ముకుని బతికిన నేల పాలమూరు. మృగశిర పోయి, ఆరుద్ర పోయి, ఇంకా చినుకు లేకపోతే "ఈసారి కాలం కాలేదు" అని ఇంటికి తాళం వేసి బొంబాయి బస్సెక్కిన కుటుంబాలు అక్కడ ఎన్నో. వాన సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? కాకపోతే మనిషికి తన తాతల నాటి కరువు దాకానే గుర్తుంటుంది. 1876లో మొదలైన ధాత కరువు మాట ముసలివాళ్ల నోట విన్నవాళ్లు కూడా ఇప్పుడు అరుదు. మన దేశ వాతావరణ శాఖ పుట్టిందే 1875లో. అంతకు ముందు వాన ఎట్లా ఉండేదో చెప్పడానికి శాసనాలు, చెరువులు ఉన్నాయి. వాటికీ అందని కాలం సంగతి నాలాంటి రాళ్లు చెప్పాలి.

ఒక్కో చుక్క నా దాకా ఎట్లా వచ్చిందో వినండి. కురిసిన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కాస్త కలుపుకుంటుంది. మట్టిలోకి దిగాక, చెట్ల వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన అదే వాయువును ఎన్నో రెట్లు ఎక్కువగా కలుపుకుంటుంది. అలా పులుపెక్కిన నీరు సున్నపురాతి నెర్రెల్లోంచి జారుతూ ఆ రాయినే కొంత కరిగించుకుని వస్తుంది. గుహ గాలిలో ఆ వాయువు తక్కువ. అందుకని చుక్క పైకప్పుకు చేరగానే దానిలోని వాయువు బయటికి పోతుంది, సున్నాన్ని పట్టి ఉంచే శక్తి నీటికి పోతుంది. ఆ సున్నమే కాల్సైట్ స్ఫటికమై నా నెత్తిన కూర్చుంటుంది. ఏడాది పొడవునా కూర్చున్నది మిల్లీమీటరులో పదో వంతు ఉంటే మా జాతిలో అది మంచి ఎదుగుదలే. మనిషి బోరు వేసి ఒక్క పూటలో వందల అడుగులు దిగుతాడు. నా కాలం వేరు.

సున్నంతో పాటు ఇంకొకటి కూడా నాలో దిగింది. నీటిలోని ఆక్సిజన్‌లో తేలికది, బరువైనది అని రెండు రకాలు ముఖ్యమైనవి: 16, 18. బరువైనది మబ్బులోంచి ముందుగా కిందికి దిగిపోతుంది. వానలు దంచికొట్టిన ఏళ్లలో ఆఖరికి నేలకు చేరిన నీటిలో బరువైనదాని పాలు తగ్గుతుంది; వానలు బక్కచిక్కిన ఏళ్లలో పెరుగుతుంది. ఆ తేడా వెయ్యింట కొద్ది పాళ్లే. అయినా పొర పొరకూ అది నాలో అచ్చుపడి ఉంది.

నన్ను హైదరాబాద్‌కు తీసుకెళ్లారు. ఉప్పల్ దారిలో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో పుట్టింది, ఎన్.జి.ఆర్.ఐ. అంటే నగరంలో అందరికీ తెలుసు. నాలాంటి రాయిని ముందు నిలువుగా కోస్తారు. కోసిన ముఖాన్ని నునుపు చేస్తే పొరలు కనిపిస్తాయి. వాటి వెంట సన్నటి బరమాతో చిటికెడు చిటికెడు పొడి తీస్తారు. ఆ పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో వేస్తే వాయువు వస్తుంది, దాన్ని మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి బరువైన ఆక్సిజన్ పాలు ఎంతో లెక్కగడతారు.

వయసు తేల్చడం మరో విద్య. యురేనియం నీటిలో కరిగి వస్తుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి శుభ్రంగా పుట్టిన పొరలో మొదట యురేనియమే ఉంటుంది, అది క్షీణిస్తూ పోగా లోపలే థోరియం తయారవుతుంది. ఎంత థోరియం చేరిందో కొలిస్తే ఆ పొర ఎప్పుడు కట్టిందో తెలుస్తుంది. బయటి మట్టి రేణువులు కలిశాయా, వాటితో వచ్చిన థోరియం లెక్కను చెడగొడుతుంది. అందుకే మట్టి అంటని చోటు వెతుకుతారు. ఈ విద్యలో పేరున్న తైవాన్ శాస్త్రవేత్త చువాన్-చౌ షెన్ కూడా నా పనిలో భాగస్వామి. పరిశోధకులు ఎం.ఎ. లోన్, ఎస్.ఎం. అహ్మద్‌ల బృందం 2014లో నా కథను ప్రపంచం ముందు పెట్టింది. వాళ్లు చదివిన నా పొరలు కట్టడానికి సుమారు వెయ్యేళ్లు పట్టింది. అవి ఇప్పటికి సుమారు పదిహేను వేల ఏళ్ల కిందటివి.

అది మామూలు కాలం కాదు. భూమిని కప్పిన మంచు కరగడం మొదలైన రోజులు. ఉత్తర అట్లాంటిక్‌లో మంచుకొండలు విరిగి తేలాయి, అక్కడి సముద్రం చల్లబడింది, ఇక్కడ ఆసియాలో రుతుపవనాలు నీరసించాయి. సుమారు 14,700 ఏళ్ల కిందట ఉత్తరార్ధగోళం తక్కువ కాలంలోనే వేడెక్కింది, వానలు మళ్లీ పుంజుకున్నాయి. చైనాలో నాన్‌జింగ్ దగ్గరి హులూ గుహ, మన మేఘాలయలోని మామ్లూ గుహ ఆ మార్పుకు గట్టి సాక్షులు. ఎక్కడి అట్లాంటిక్, ఎక్కడి పాలమూరు! అక్కడ సముద్రం చల్లబడితే ఇక్కడ చినుకు తగ్గడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. మామ్లూ రాయి గౌరవం ఇంకా పెద్దది. 4,200 ఏళ్ల కిందటి కరువును చూపించినందుకు, అప్పటి నుంచి ఇప్పటి దాకా సాగుతున్న భూయుగానికి 2018లో మేఘాలయ పేరే పెట్టారు.

మీ చరిత్రకు దగ్గరి సాక్షి కూడా ఉంది. బస్తర్‌లోని కాంగేర్ లోయలో దండక్ గుహ. అక్కడి రాయి సామాన్య శకం 600 నుంచి 1500 దాకా వానల తీరు చెప్పింది. 2007లో ఆ ఫలితాలు వచ్చాయి. ఓరుగల్లు 1323లో కూలిన తర్వాత, ఆ 14వ శతాబ్దంలోనే పదుల ఏళ్ల పాటు వానలు బలహీనపడ్డ జాడలు అందులో ఉన్నాయి. దక్కన్‌ను పీడించిన దుర్గాదేవి కరువు ఆ శతాబ్దం చివరిదే. అంతకు ముందు కందూరి చోళుల కాలంలో పానగల్లులో తవ్విన ఉదయసముద్రం ఎన్ని మంచి, ఎన్ని చెడ్డ కాలాలు చూసి ఉంటుందో! నల్లగొండ పక్కన అది ఇప్పటికీ నీళ్లు నిలుపుకుంటోంది.

నా మాటకూ హద్దులున్నాయి. బరువైన ఆక్సిజన్ తేడా ఒక్క వాన మోతాదు వల్లే రాదు, మబ్బు బంగాళాఖాతం నుంచి వచ్చిందా అరేబియా సముద్రం నుంచి వచ్చిందా అన్నదీ అందులో కలుస్తుంది. నా పొరలు చూసి ఫలానా ఏడు ఇన్ని మిల్లీమీటర్లు అని చెప్పకూడదు. ఒక్క చిటికెడు పొడిలో కొన్నేళ్లు కలిసిపోవచ్చు కూడా. 2009 గుర్తు తెచ్చుకోండి: నైరుతి మొహం చాటేసి దేశమంతా కరువు, అక్టోబరు మొదట్లో కర్నూలు, అలంపురం వరదలో మునక. అలాంటి ఏడాదిని రాయి విడదీసి చెప్పలేదు. దశాబ్దాలు, శతాబ్దాల నడకను మాత్రం స్పష్టంగా చెబుతుంది.

మీ నేలలో నాలాంటివాళ్లు ఎందుకు తక్కువో కూడా చెప్తాను. పాలమూరు, నల్లగొండల్లో ఎక్కువ భాగం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అది సున్నపురాయిలా నీటికి కరగదు, గుహలు కట్టదు, ఫ్లోరైడ్‌ను మాత్రం నల్లగొండ బోర్లలోకి వదిలి తరాల ఎముకలను వంచింది. సున్నపురాయి ఉన్నది కృష్ణ ఒడ్డున, వాడపల్లి, మట్టపల్లి, మేళ్లచెర్వు వైపు. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు అది. ఇప్పుడు సిమెంటుగా మారుతోంది. ఇల్లు కట్టుకోవడానికి సిమెంటు కావాలి, కాదనను. కానీ పేల్చిన చోట ఒక బొరియ బయటపడి అందులో పొరలు కట్టిన రాయి కనిపిస్తే, అది పిండి కాకముందే ఒక్కరైనా చూడాలి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. గుహలకు వెళ్లినప్పుడు మమ్మల్ని చేతులతో తడమకండి. చేతి జిడ్డు అంటిన చోట కొత్త పొర సరిగా పట్టదు. జ్ఞాపకానికని ముక్క విరిచి ఇంటికి తీసుకుపోకండి. గనిలో పనిచేసే తమ్ముళ్లారా, రాతిలో గుహ తగిలితే ఆ పూటకు యంత్రం ఆపండి, దగ్గరి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారికి కబురు పంపండి.